చీపురు టీ, నలభై మలుపులు

మా నాయన ధర్మవరం బస్టాండు పక్కన 31 ఏళ్లు టీ అంగడి నడిపాడు. తక్కువ వేసుకున్నా రోజుకు మూడొందల టీలు. లెక్క కడితే ముప్పై లక్షల పైమాటే. అన్ని టీలు కాచిన మనిషి టీ చెట్టును మాత్రం ఒక్కసారీ చూడలేదు. మోకాళ్లు సహకరించక నిరుడు అంగడి ఇంకొకరికి అప్పజెప్పాడు. అప్పట్నుంచీ ఇంట్లో ఆయనకు తోచదు, ఆయన్ను చూస్తూ మా అమ్మకు తోచదు.

ఈ ప్రయాణానికి అసలు కారణం మగ్గం మామ. పక్కవీధిలో పట్టుచీరలు నేస్తాడు. రోజూ పొద్దున్నే అంగడికొచ్చి "ఒక చీపురు టీ ఇయ్యి" అనేవాడు. ఫ్యాక్టరీలో మంచి ఆకంతా పక్కకు తీసి, కింద రాలింది చీపురుతో ఊడ్చి 'డస్ట్' అని పేరు పెట్టి మనకు అమ్ముతారని ఆయన నమ్మకం. నాయన నవ్వి ఊరుకునేవాడు. అంగడి వదిలేశాక ఒకరోజు నాతో మాత్రం అన్నాడు: "ఇన్నాళ్లూ ఊడ్చిందే కాచి పోసినానేమో పాపా."

ఆ మాట నన్ను వదల్లేదు. దసరా అయిపోయిన మర్నాడే బయల్దేరదామని నేనే పట్టుబట్టాను. పిల్లల బడికి మూడు రోజులు ఎగనామం. మా మరిది ఎర్టిగా అడిగి తీసుకున్నాం. ఊటీ, మున్నార్ అందరూ వెళ్లేవే, పైగా పండగ సెలవుల్లో ఆ రోడ్ల మీద బండి కదలదు. మా ఆయన ఆఫీసులో ఒకతని మేనమామ తమిళనాడులోని వాల్పారైలో టీ ఎస్టేటు సూపర్‌వైజరట. ఫ్యాక్టరీ లోపల చూపిస్తానన్నాడు. ఇంకేం కావాలి?

మొదటి రోజు: ధర్మవరం నుంచి సేలం

తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరాం. డిక్కీలో సూట్‌కేసుల కన్నా అమ్మ సర్దిన డబ్బాలే ఎక్కువ. చిత్రాన్నం, పండగ మిగులు ఓళిగలు, చెనిక్కాయల పొడి. హైవే ఎక్కాక పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ దీపాలు ఇంకా వెలుగుతున్నాయి. బాగేపల్లి టోల్ దాటేసరికి పిల్లలిద్దరూ నిద్ర. బెంగళూరు దాటడానికే రెండున్నర గంటలు పట్టింది. దాని గురించి ఇంతకంటే రాయబుద్ధి కావడం లేదు.

హోసూరు దాటాక నాయన పని మొదలైంది. ఆగిన ప్రతిచోటా టీ తాగి మార్కులు వేయడం. కృష్ణగిరి దాటాక ఒక అంగడి ముందు కాఫీ తాగడానికి దిగిన మేము ముప్పావుగంట అక్కడే ఉండిపోయాం. కారణం ఆ టీ మాస్టరు చేతులు. మన దగ్గర చాలా అంగళ్లలో పాలు, పొడి, చక్కెర ఒకే గిన్నెలో కాగుతాయి. అక్కడ అట్లా కాదు. పొడవాటి గుడ్డసంచిలో పొడి వేసి, దాంట్లోంచి మరిగే నీళ్లు దించి డికాషన్ వేరేగా తీస్తాడు. గాజుగ్లాసులో ముందు చక్కెర, తర్వాత వేడి పాలు, పైన డికాషన్. మనిషిని బట్టి 'స్ట్రాంగ్', 'లైట్'. ఆ తర్వాత చెయ్యెత్తి ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి మూరెడు పొడవున ధార. ఒక్క చుక్క కింద పడదు.

నాయన సంచిలోకి తొంగి చూసి పొడి చిటికెడు అడిగాడు. భాష రాకపోయినా ఆ మాస్టరుకు అర్థమైంది. ఇద్దరూ వేళ్ల మధ్య నలిపి వాసన చూసుకున్నారు. "డస్టే," అన్నాడు నాయన, తోడు దొరికినట్టు.

ధర్మపురి దాటాక తొప్పూరు ఘాట్. చూడ్డానికి మామూలు హైవేలాగే ఉంటుంది కానీ కిందికి జారుతూ పోతుంది. ప్రమాదాలకు పేరుబడ్డ చోటు. లారీలన్నీ చిన్న గేర్లో మూలుగుతూ దిగుతున్నాయి. మా ఆయన వాటి వెనకే ఓపిగ్గా దించాడు. సాయంత్రం అయిదుకు సేలం. లాడ్జి, స్నానం, డబ్బాల్లో మిగిలిన చిత్రాన్నం, పడక.

రెండో రోజు: నలభై మలుపులు

భవాని దగ్గర కావేరి దాటుతుంటే అమ్మ చిల్లర తీసి చేతిలో పట్టుకుంది. బండి ఆపే వీలులేని వంతెన, అద్దం దించి విసిరేలోగా వంతెన అయిపోయింది. ఆ నాణేలు తిరిగొచ్చేదాకా ఆమె కొంగు ముడిలోనే ఉన్నాయి.

అవినాశి దగ్గర హైవే వదిలి తిరుప్పూరు, పల్లడం మీదుగా పొల్లాచ్చి దారి పట్టాం. ఆ దారి పొడవునా గాలిమరలే. చిన్నోడు నూట పన్నెండు దాకా లెక్కపెట్టి వదిలేశాడు. పడమటి కనుమలు గుజరాత్ వైపు నుంచి కన్యాకుమారి దాకా గోడలా నిలబడితే, పాలక్కాడు దగ్గర ఆ గోడకు సందు ఉంది. కేరళ వైపు గాలి ఆ సందులోంచి దూసుకొచ్చి ఇక్కడ రెక్కల్ని తిప్పుతుంది. కారు తలుపు తీస్తే చేతిలోంచి లాక్కున్నంత గాలి.

పొల్లాచ్చి అంతా కొబ్బరి. అక్కడ బోండాలు తాగి, ఆళియార్ డ్యామ్ పక్కన అటవీ చెక్‌పోస్ట్ చేరేసరికి మధ్యాహ్నం రెండు. బండిలో ప్లాస్టిక్ సీసాలు ఉన్నాయేమో చూసి వదిలారు. అక్కడ్నుంచి మలుపులు. సరిగ్గా నలభై. ప్రతి మలుపు దగ్గరా బోర్డు మీద నంబరు ఉంటుంది. పరీక్షలో పేజీలు మిగిలినట్టు, ఇంకెన్ని ఉన్నాయో ఎప్పటికప్పుడు తెలుస్తూ ఉంటుంది. కడుపులో తిప్పే వాళ్లకు ఇది మంచిదో చెడ్డదో చెప్పలేను. మా పెద్దమ్మాయికి ఆరో మలుపు దగ్గరే వాంతి. అమ్మ నిమ్మకాయ తీసి వాసన చూపించింది, తర్వాత తనూ అదే నిమ్మకాయ ముక్కు దగ్గర్నుంచి తియ్యలేదు.

తొమ్మిదో మలుపు దగ్గర లోమ్స్ వ్యూ పాయింట్. కింద ఆళియార్ జలాశయం నేల మీద పరిచిన నీలం చీరలా ఉంది. దాని చుట్టూ మేము ఎక్కొచ్చిన దారి. పక్కనే రాతిగోడ మీద నాలుగు మేకలు. "ఎవరివో తప్పిపోయినాయి," అంది అమ్మ. మేకలు కావు, నీలగిరి తార్‌లు. తమిళంలో వరైయాడు అంటారు. తమిళనాడు రాష్ట్ర జంతువు. ఇది ఈ కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అంత అరుదైనది మాకు రెండు బారల దూరంలో, కార్ల హారన్లకు చెవి కూడా కదపకుండా గడ్డి నములుతోంది.

మలుపులు అయిపోయే ముందు పొగమంచు కమ్మేసింది. ఫాగ్ లైట్లు వేసి నెమ్మదిగా పోతుంటే ఒక్కసారిగా తెర తీసినట్టు పొగ విడిపోయింది. రెండు వైపులా టీ. దువ్వెనతో దువ్వినట్టు నున్నగా, కొండ వొంపు ఎట్లా ఉంటే అట్లా. నాయన "ఆపు నాయనా, ఆపు" అన్నాడు మా ఆయనతో. దిగాడు. రోడ్డు పక్కన నడుమెత్తు చెట్టు ముందు నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక ఆకు తుంచి నమిలాడు.

"టీ వాసనే లేదే. వేపాకు నమిలినట్టుంది."

రూము సంగతి ఒక ముక్కలో చెప్తాను. ఫొటోల్లో కిటికీ నిండా టీ తోట. మాకిచ్చిన గది కిటికీ నిండా లారీ మెకానిక్ షెడ్డు. అడిగితే తోట వైపు గదులు పండగకే బుక్ అయిపోయాయన్నారు. పొద్దున టీ అడిగితే కప్పులో వేడినీళ్లు, పక్కన దారం కట్టిన సంచి. నాయన ఆ దారాన్ని పట్టుకుని చేపను ఎత్తినట్టు ఎత్తి, మళ్లీ సాసర్లో పెట్టేశాడు.

మూడో రోజు: ఫ్యాక్టరీ

సూపర్‌వైజర్ గారు అరవై దగ్గర పడ్డ మనిషి. కోయంబత్తూరు వైపు తెలుగు కుటుంబం, ఇంట్లో తెలుగే మాట్లాడతారట. తమిళ యాసలో సాగదీసి మాట్లాడే ఆ తెలుగు వినడానికి పిల్లలు ఆయన వెనకే తిరిగారు.

ముందు తోటలోకి తీసుకెళ్లాడు. బొమ్మల్లో చూసినట్టు వీపున బుట్ట, రెండు వేళ్లతో రెండాకులు ఒక మొగ్గ తుంచడం అక్కడ కనిపించలేదు. ఆడవాళ్ల చేతుల్లో పెద్ద కత్తెరలు, వాటికి అతికించిన సంచులు. కత్తిరించిన చిగుళ్లు అందులోకే పడతాయి. నడుముకు చుట్టుకున్న తార్పాలిన్ పట్టాల మీద మంచు నీళ్లు కారుతున్నాయి. ఒకామె నా కూతుర్ని చూసి నవ్వి ఏదో అడిగింది. తమిళం అనుకున్నాను, కాదు, హిందీ. వాళ్లది అస్సాం. ఇక్కడివాళ్ల పిల్లలు చదువుకుని కోయంబత్తూరు, తిరుప్పూరు వెళ్లిపోతున్నారని, ఇప్పుడు అస్సాం, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు లేకపోతే ఆకు కోసేవాళ్లే దొరకరని సూపర్‌వైజర్ చెప్పాడు. టీకి పేరుబడ్డ అస్సాం నుంచి ఇంత దూరం టీ ఆకు కొయ్యడానికే రావడం! అక్కడ వచ్చే కూలి కంటే ఇక్కడ ఎక్కువని ఆమె చెప్పింది, అంతే మామూలుగా.

వదిలేస్తే టీ మొక్క పెద్ద చెట్టవుతుందట. కొన్నేళ్లకోసారి కొమ్మలు నరుకుతూ నడుమెత్తులో ఆపుతారు. మధ్యమధ్య నీడ కోసం సిల్వర్ ఓక్ చెట్లు. నాయనకు చెట్ల మీద పెద్దగా ధ్యాస లేదు. "లోపలికి ఎప్పుడు పోతాం?" అని రెండుసార్లు అడిగాడు. ఈలోగా అమ్మ చీర కుచ్చిళ్ల దగ్గర రక్తం. జలగ. అడవి తడిగా ఉన్నన్నాళ్లూ ఇవి తప్పవట. సూపర్‌వైజర్ జేబులోంచి ఉప్పు మూట తీసి ఒత్తితే రాలిపడింది. చిన్నోడు తన రెండు కాళ్లూ ఎత్తి తాత భుజాలెక్కబోయాడు.

ఫ్యాక్టరీ గుమ్మానికి ఆయుధపూజ నాటి అరటిచెట్లు వాడిపోయి ఇంకా అట్లాగే ఉన్నాయి. ప్రతి మిషను మీదా చందనం బొట్లు, కుంకుమ. ఫొటోలు వద్దన్నారు కాబట్టి చూసిందే చెప్తాను.

పై అంతస్తులో పొడవాటి జల్లెడ తొట్లు. కోసిన ఆకు వాటిలో పరిచి కిందనుంచి ఫ్యాన్లతో గాలి కొడతారు. పన్నెండు గంటల పైన అట్లా వాడ్చితే ఆకు మెత్తబడి, ముద్ద కడితే విరగదు. అక్కణ్ణుంచి సీటీసీ మిషన్లు. నలపడం, చింపడం, ముడవడం, మూడూ ఒకేసారి. పళ్లున్న రెండు ఉక్కు రోలర్లు వేర్వేరు వేగాల్లో తిరుగుతుంటాయి. ఇటు ఆకు పోతుంది, అటు పచ్చటి తడి రవ్వ వస్తుంది. ఆ రవ్వను గాలి తగిలేలా వదిలేస్తే గంటలోపే పచ్చ పోయి రాగిరంగు తిరుగుతుంది. దీన్ని ఫర్మెంటేషన్ అంటారు కానీ ఇందులో పులియడమేమీ లేదట, కోసిన ఆపిల్ ముక్క నల్లబడినట్టే. అక్కడ ముక్కుకు తగిలింది వాసన. పచ్చి కూరాకుకూ పండిన పండుకూ మధ్యలో ఏదో. నాయన కళ్లు మూసుకున్నాడు. నిన్న నమిలిన ఆకులో లేని టీ ఇక్కడ పుట్టింది.

తర్వాత డ్రయర్. వంద డిగ్రీలు దాటిన వేడిగాలి తగిలితే ఆ మార్పు ఆగిపోతుంది, తేమ మూడు శాతం దగ్గరికి పడిపోతుంది. బయటికొచ్చేది మన నల్ల పొడి. నాలుగు, నాలుగున్నర కిలోల పచ్చాకుకు ఒక కిలో పొడి వస్తుందట.

చివరి గది జల్లెడలది. నాయన అడుగు నిదానించింది. పెద్ద మిషన్లు ఊగుతున్నాయి. ఒకదాని కింద ఒకటి, కిందికి పోయేకొద్దీ సన్నకన్ను జల్లెళ్లు. పై జల్లెడ మీద ఆగింది పెద్ద రవ్వ, దాని పేరు వేరు. ఆ కింద ఇంకొంచెం చిన్నది. అట్టడుగున జల్లెడ దాటి ధారగా గోతాంలోకి పడుతున్నది పిండిలాంటి పొడి. సూపర్‌వైజర్ గుప్పెడు తీసి నాయన చేతిలో పోశాడు.

"ఇదేనండి డస్ట్."

"కింద ఊడ్చింది కాదా?"

ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. నేను మగ్గం మామ సంగతంతా చెప్పాల్సి వచ్చింది. పగలబడి నవ్వాడు. అదే ఆకు, అదే డ్రయర్, తేడా కన్ను సైజులోనే అన్నాడు. సన్నగా ఉంటుంది కాబట్టి నీళ్లలో తొందరగా, చిక్కగా దిగుతుంది. అందుకే దక్షిణాదిలో టీ అంగళ్లన్నీ డస్టే అడుగుతాయి. డస్ట్‌లోనూ తరగతులున్నాయి, సూపర్ రెడ్ డస్ట్ అని ఒకటి, దానికి వేలంలో మంచి రేటు పలుకుతుందట. కొచ్చి, కూనూరు, కోయంబత్తూరులో ఆ వేలాలు జరుగుతాయి.

"మరి చెత్త ఎక్కడికి పోతుంది?" నాయన వదల్లేదు.

అప్పుడు చూపించాడు. జల్లెళ్లకు పక్కన ప్లాస్టిక్ రోలర్ల వరస. పైన తిరిగే రోలర్లకు గుడ్డ ఒరుసుకుంటూ ఉంటుంది. తల దువ్వుకున్న దువ్వెనకు కాగితం ముక్కలు ఎగిరొచ్చి అంటుకుంటాయి చూడండి, అట్లా కింద పోయే పొడిలోంచి ఈనెలు, కాడల పీచు ఎగిరి రోలర్లకు అంటుకుంటోంది. ఎర్రటి నూగు. పొడి మాత్రం బరువుకు కిందే ఉండిపోతుంది. ఆ పీచును వేరే గోతాల్లో నింపుతారు. అది టీ వేస్ట్. దాన్ని తాగే టీగా అమ్మడం నేరం, దానికి 1959 నాటి కేంద్ర ఉత్తర్వు కూడా ఉంది. కెఫీన్ తీసే కంపెనీలకు పోతుంది, లేదా ఎరువవుతుంది.

నాయన ఆ రోలర్ల ముందు పది నిమిషాలు నిలబడ్డాడు. పీచు ఎగురుతోంది, అంటుకుంటోంది, రాలుతోంది. ఎర్ర నూగు ఆయన మీసాల మీద వాలింది. పిల్లలు నవ్వుతుంటే కూడా తుడుచుకోలేదు.

వెళ్లేటప్పుడు ఎస్టేటు అంగట్లో డస్ట్ అయిదు కిలోలు కొన్నాడు. "కొంచెం మంచి రవ్వ కూడా తీసుకో నాయనా," అంటే నా వైపు చూసిన చూపు వేరు.

ఆ రాత్రి ఇంకో సంగతి. సూపర్‌వైజర్ ఇంట్లో భోంచేసి ఏడున్నరకు తిరిగొస్తుంటే దారి మలుపులో స్తంభం మీద ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటోంది. ఆయన ముందే చెప్పాడు, అది వెలిగితే చుట్టుపక్కల ఏనుగులున్నట్టు. ఈ పీఠభూమి 220 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు మొత్తం అడవే, ఇప్పుడు టీ మధ్యలో అడవి ముక్కలు మిగిలాయి. ఏనుగులు ఆ ముక్క నుంచి ఈ ముక్కకు టీ తోటల్లోంచే నడుస్తాయి. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ అనే సంస్థవాళ్లు ఇక్కడ సెల్‌ఫోన్‌తో వెలిగించే ఎర్ర దీపాలు పెట్టారు. ఏనుగుల్ని చూసినవాళ్లు ఫోన్ చేస్తే దీపం వెలుగుతుంది, చుట్టుపక్కల వాళ్ల ఫోన్లకు మెసేజ్ పోతుంది. ఈ పని చేసిన ఆనంద కుమార్‌కు 2015లో వన్యప్రాణుల్ని కాపాడేవాళ్లకిచ్చే విట్లీ అవార్డు వచ్చింది.

మేము ఇంజను ఆపి అద్దాలెత్తి కూర్చున్నాం. ఇరవై నిమిషాలు. చీకట్లో ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. చిన్నోడు నా చెయ్యి పట్టుకున్న గట్టికి మర్నాడు గోళ్ల గుర్తులున్నాయి. ఏనుగు కనిపించలేదు. పొద్దున అదే దారిలో లద్దె ఉంది, ఇంకా ఆవిరి పోతోంది.

నాలుగో రోజు: కోతుల వంతెన

పుదుతోట్టం దగ్గర రోడ్డుకు అడ్డంగా పైన రబ్బరు పైపులతో అల్లిన వంతెన ఉంది. సింహపుతోక కోతుల కోసం. ఒళ్లంతా నలుపు, ముఖం చుట్టూ తెల్లటి జూలు, తోక చివర కుచ్చు. ఇవి కూడా ఈ కనుమల్లో తప్ప ఎక్కడా లేవు. చెట్టు మీంచి చెట్టు మీదికి పోయే జాతి. అడవి ముక్కలయ్యాక రోడ్డు దాటుతూ బండ్ల కింద పడుతుంటే పైన ఈ దారి వేశారు. ఒక పెద్ద కోతి వంతెన మధ్యలో కూర్చుని కింద మమ్మల్ని చూస్తోంది. ఇంకొక కారువాళ్లు చిప్స్ పొట్లం చూపిస్తే అది వంతెన వదిలి చకచకా రోడ్డు మీదికి దిగింది. అంత కష్టపడి కట్టిన వంతెన ఒక్క చిప్స్ పొట్లానికి ఓడిపోయింది. మా ఆయన ఊరుకోలేక వాళ్లతో గొడవపడ్డాడు. భాష కలవలేదు, కోపం మాత్రం ఇద్దరికీ బాగానే అర్థమైంది.

మధ్యాహ్నం షోలయార్ డ్యామ్. నిండుగా ఉంది. ఈ కొండల నీళ్లు సొరంగాల్లోంచి, కాలవల్లోంచి కిందికి దిగి పొల్లాచ్చి మెట్ట పొలాలను తడుపుతాయి. పరంబికుళం-ఆళియార్ ప్రాజెక్టు అంటే అదే. మా జిల్లాలో ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లు పడితే మంచి ఏడు అంటాం. ఇక్కడ సగటున 3,500. అమ్మ గట్టు మీద నిలబడి "ఒక కాలవ మా వైపుకు తవ్వకూడదా," అంది, ఎవరితోనో తెలియదు.

అయిదో రోజు, ఆ తర్వాత

తిరుగు దారిలో నలభై మలుపులూ రెండో గేర్లోనే దిగాం, ముందు బండి దగ్గర బ్రేకులు కాలిన కంపు చూసి. భవాని వంతెన ముందు అమ్మ అద్దం దించి సిద్ధంగా కూర్చుంది. ఈసారి నాణేలు కావేరిలోనే పడ్డాయి. సేలంలో ఆగకుండా రాత్రి ఒంటిగంటకు ఇంటికొచ్చి పడ్డాం.

పొద్దున ఆరింటికి లేచి చూస్తే నాయన ఇంట్లో లేడు. డస్ట్ పొట్లం ఒకటి లేదు, పాత అంగడి గిన్నె కూడా లేదు. మగ్గం మామ ఇంటికి పోతే ఆయన వంటింట్లోనే పొయ్యి ముందు ఉన్నాడు. రెండు పొంగులు రానిచ్చి, వడగట్టి, గ్లాసులో పోసి మామ చేతికిచ్చాడు. జల్లెళ్ల సంగతి, రోలర్ల సంగతి, ఉత్తర్వు సంగతి, అన్నీ అరగంట చెప్పినట్టున్నాడు అప్పటికే. మామ ఊదుకుంటూ సగం తాగాడు.

"ఎట్లుంది?"

మామ గ్లాసు తిప్పి చూసి, మిగతాది కూడా తాగేశాడు.

"చీపురు టీ మాదిరే ఉంది. ఇంకొంచెం పొయ్యి."